నా మాట మార్చిందెవరు

మార్చి 3, సోమవారం

ఈ నోటుపుస్తకాన్ని బీరువాలో దుప్పట్ల అడుగున పెడతాను. ఆయన దుప్పట్లు తీసి మడతపెట్టే మనిషి కాదు కాబట్టి అక్కడైతే భయం లేదు.

జరిగింది జరిగినట్టు రాసుకోవాలి. రేపు ఎవరైనా నిలదీస్తే తడబడకూడదు.

ఆస్పత్రి వెబ్‌సైటు కోసం రెండేళ్ళ కిందట నేను చేసిన పదాల జాబితాను పొద్దున వేరే పని మీద తెరిచాను. శరీర భాగాల దగ్గర నేను 'కన్ను' అని రాశాను. ఇప్పుడక్కడ 'కంటి' అని ఉంది. 'పన్ను' పోయి 'పంటి' వచ్చింది. 'చెయ్యి' చోట 'చేతి', 'కాలు' చోట 'కాలి'. నాలుగు మాటలు. నేను మార్చలేదు. నన్ను అడిగి ఎవరూ మార్చలేదు.

ఆ ఫైలు ముట్టుకోగలిగినవాళ్ళం ముగ్గురం. నేను, ఇంజనీరు, కొత్తమ్మాయి. ఇంజనీరు తెలుగు గలగలా మాట్లాడతాడు గానీ రాయమంటే నవ్వేసి తప్పించుకుంటాడు. ఒత్తులు ఎక్కడ పడతాయో అతనికి తెలియదు. అతన్ని తీసేస్తే మిగిలింది ఒక్కతే.

ఈ ఆఫీసులో అనువాదకురాలిగా నాకు పద్నాలుగేళ్ళు. ఆమెకు అయిదు నెలలు. వచ్చిన మొదటి రోజునుంచే నన్ను అక్కా అని పిలుస్తోంది. అడగకుండానే టీ తెచ్చి నా బల్ల మీద పెడుతుంది. అంత మర్యాద ఎందుకో నాకు అప్పుడే అనుమానం రావలసింది.

మార్చి 4

ఆయనకు చెప్పాను. పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ తలెత్తకుండానే విన్నారు. బడిలో లెక్కలు చెప్పే మనిషికి ప్రతిదానికీ ఒక్క వరసలో జవాబు ఉండాలి. వెళ్ళి ఆ అమ్మాయినే అడగమన్నారు.

అడిగితే ఒప్పుకుంటుందా? ఒప్పుకునేదైతే చేస్తుందా?

మార్చి 5

ఇవాళ ఆస్పత్రి పేజీలన్నీ ఒక్కొక్కటే తెరిచి చూశాను. అపాయింట్‌మెంటు తీసుకునే చోట 'ఏ భాగానికి వైద్యం?' అన్న ప్రశ్న కింద ఒక వరస ఉంటుంది. అందులో ఇప్పుడు 'కంటి', 'పంటి', 'చేతి', 'కాలి' అని వేలాడుతున్నాయి. తోక తెగిన మాటలు. చూసేవాళ్ళు ఏమనుకుంటారు? ఈ తెలుగు రాసిన మనిషికి తెలుగు రాదనుకుంటారు. అదే ఆమెకు కావలసింది.

ఇంకో పేజీలో మాత్రం 'ఎడమ కంటికి ఆపరేషన్' అని సరిగ్గా ఉంది. ఇంతకుముందు అక్కడ 'ఎడమ కన్నుకు ఆపరేషన్' అని ఉండేది. అది కాకతాళీయం.

ఇందులో నా తప్పేమీ లేదని ఇక్కడ రాసి ఉంచుకోవడం మంచిది. వాళ్ళు నాకు వాక్యం ఇవ్వరు, ముక్కలిస్తారు. ఇంజనీరు పేజీ కోసం ఒక మూస కడతాడు. అందులో ఖాళీలుంటాయి. ఒక ఖాళీలో మనిషి, ఒక ఖాళీలో అంకె, ఒక ఖాళీలో చోటు. ఆ ఖాళీల్లోకి వెళ్ళే ముక్కల్ని నేను విడివిడిగా తెలుగు చేస్తాను, యంత్రం వాటిని అతికిస్తుంది. 'కన్ను' ఒక ముక్క, 'కు' ఇంకో ముక్క. రెండూ అతికితే 'కన్నుకు' అవుతుంది. కన్ను కంటికి అవుతుందనీ, ఇల్లు ఇంటికి అవుతుందనీ యంత్రానికి ఏం తెలుసు? మొదట్లో ఒకసారి ఇంజనీరుతో అన్నాను. ఇంగ్లిషులో బాగానే అతుకుతోంది కదా మేడమ్ అన్నాడు. ఆ తర్వాత నేను అనలేదు. రెండేళ్ళుగా ఎవరూ ఫిర్యాదు చేయలేదు. జనం అర్థం చేసుకుంటారు.

మార్చి 6

నేను లోపలికి అడుగుపెట్టగానే కొత్తమ్మాయీ ఇంజనీరూ మాటలు ఆపేశారు. ఆమె చేతిలో నీలి అట్ట పుస్తకం ఉంది. పేజీకి ఒక పక్కన నా మాటలు, రెండో పక్కన ఆమె మాటలు. నేను చూస్తున్నానని తెలిసి అరచెయ్యి అడ్డం పెట్టింది.

ఏం చేస్తున్నావని అడిగాను. నేర్చుకుంటున్నాను అక్కా అంది.

మార్చి 7

టీ వద్దన్నాను. మొహం చిన్నబుచ్చుకుంది. బాగా నటిస్తుంది.

మార్చి 10, సోమవారం

మొత్తం నలభై ఒక్కటి. పొద్దున్నుంచి కూర్చుని లెక్కపెట్టాను. నా దగ్గర పాత జాబితా అచ్చు కాపీ ఉందని ఆమెకు తెలియదు.

'ఇల్లుకు పంపారు' అన్నదాన్ని 'ఇంటికి పంపారు' చేసింది. '1 రోజులు మిగిలి ఉన్నాయి' అని వచ్చేచోట ఒకటికి వేరే వాక్యం, అంతకుమించితే వేరే వాక్యం పెట్టించింది. ఇంజనీరు సాయం లేకుండా అది కుదరదు. అంటే అతను కూడా కలిశాడన్నమాట. మీ డాక్టరు 'వచ్చింది' అన్న చోట 'వచ్చారు' పెట్టింది.

ఇవి మెరుగ్గా ఉన్నాయని ఎవరైనా అనవచ్చు. అసలు ఎత్తుగడే అది. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి మేనేజరుకు చూపించి, ఇన్నాళ్ళూ ఈవిడ చేసింది ఇదీ అంటుంది. నీలి పుస్తకం అందుకే. నాకు నలభై ఏడేళ్ళు. ఇక్కడినుంచి బయటికి నెడితే నన్ను ఎవరు పిలుస్తారు?

ఇవాళ్టి నుంచి ఆస్పత్రి కబుర్లు రోగుల బంధువుల ఫోన్లకు కూడా వెళ్తున్నాయి. ఇంతకుముందు ఆస్పత్రి హాల్లో గోడ తెర మీద మాత్రమే వచ్చేవి. ఇంజనీరు అందరికీ మిఠాయి పంచాడు. నాకు పంచేటప్పుడు కళ్ళలోకి చూడలేదు.

మార్చి 11

ఉచ్చు వేశాను.

రక్తపరీక్షల పేజీలో 'మీ రిపోర్టు వచ్చింది' అన్న నా వాక్యాన్ని నేనే 'మీ రిపోర్టు వచ్చారు' అని మార్చాను. రిపోర్టుకు గౌరవం ఇచ్చినంత మాత్రాన ఎవరి ప్రాణమూ పోదు. సాయంత్రం అయిదున్నరకు మార్చి, ఏమీ ఎరగనట్టు ఇంటికి వచ్చాను. ఎవరికీ చెప్పలేదు, ఆయనకు కూడా.

మార్చి 12

దొరికింది. పొద్దున తొమ్మిదీ పదికల్లా 'వచ్చింది' అయిపోయింది. ఆ సమయానికి ఆఫీసులో ఉన్నది ఆమె ఒక్కతే.

మేనేజరుకు ఉత్తరం రాసి ఇచ్చాను. నా అనుమతి లేకుండా, నాకు తెలియకుండా, ఆస్పత్రి ఫైళ్ళలో మార్పులు జరుగుతున్నాయనీ, ఏదైనా అనర్థం జరిగితే బాధ్యత నాది కాదనీ రాశాను. నలభై ఒకటి అన్న అంకె వేశాను. నేను పెట్టిన 'వచ్చారు' సంగతి రాయలేదు. అది వేరే విషయం.

మేనేజరు చదివి పెట్టుకుంటానన్నాడు. మనసు తేలికపడింది.

మార్చి 13

అనర్థం జరిగింది. నేను అన్నట్టే జరిగింది.

బట్టలు కుట్టే ఆవిడట. ముప్పై అయిదేళ్ళుంటాయట. తల్లికి కడుపులో ఆపరేషన్. నాలుగు గంటలు పడుతుందంటే, మూడు గంటలు కూర్చుని, ఇక కాసేపు గాలికి తిరుగుదామని ఆస్పత్రి బయటి మెట్లు దిగుతోంది. ఫోను మోగింది. తెర మీద ఒక్క వరస కనిపించింది: 'మీ అమ్మగారు వెళ్ళిపోయారు'.

మెట్ల మీదే కూలబడి దొర్లిపోయింది. మణికట్టు విరిగింది.

తల్లికి ఏమీ కాలేదు. ఆపరేషన్ గదిలోంచి వార్డుకు తీసుకెళ్ళారు, అంతే. ఆ సంగతి చెప్పడానికే మూడు ముక్కలు అతికాయి. మనిషి, 'వెళ్ళిపోయారు', చోటు. గోడ తెర మీద మూడూ ఒకే వరసలో కనిపించేవి. 'మీ అమ్మగారు వెళ్ళిపోయారు ఆపరేషన్ గది' అని ఎలాగో అర్థమయ్యేది. ఫోన్లో మూడో ముక్క కిందికి జారి కనబడకుండా పోయింది.

మేనేజరు మొహం పాలిపోయింది. ఆ మాట ఎవరిదని అడిగాడు. ఇంజనీరు ఫైలు తెరిచాడు. ఆ మాట మీద చివరిసారి చెయ్యి పెట్టింది కొత్తమ్మాయి. ఫిబ్రవరి పంతొమ్మిది అని తారీఖు కూడా ఉంది. మేనేజరు బల్ల సొరుగులోంచి నా ఉత్తరం తీశాడు.

విచారణ అయ్యేదాకా ఆమెను ఇంటి దగ్గరే ఉండమన్నారు. సంచీ సర్దుకుంటూ నా బల్ల దగ్గర ఆగింది.

"అక్కా, మీరైనా చెప్పండి. నేను అందులో అక్షరం ఒక్కటే దిద్దాను."

నేను తెర వైపు చూస్తూ ఉండిపోయాను.

మార్చి 14

ఆమె కుర్చీ ఖాళీగా ఉంది. కిటికీ పక్క బల్ల. వెలుతురు బాగా వస్తుంది. నేను ముందే చెప్పానని మేనేజరు అందరి ముందూ అన్నాడు. ఇంటికొచ్చి ఆయనకు చెప్పాను. ఊఁ అన్నారు.

మార్చి 17, సోమవారం

విచారణ కాగితాల కోసం ఆ ఒక్క మాట చరిత్ర అంతా అచ్చు తీయమని మేనేజరు నాకే చెప్పాడు. మొదటినుంచి ఎవరు ఎప్పుడు ఏమని రాశారో ఫైలు దాచిపెట్టుకుంటుంది. ఆ రోజు ఇంజనీరు తెరిచి చూపించేదాకా నాకా సంగతి తెలియదు. నాలుగే వరసలున్నాయి.

మొదటిది, రెండేళ్ళ కిందట, ఒక మధ్యాహ్నం రెండూ నలభై. ఇంగ్లిషు మాట 'లెఫ్ట్'. తెలుగు: 'ఎడమ'. రాసింది నేను.

రెండోది, అదే రోజు మూడూ యాభై. 'ఎడమ' కొట్టివేత. కొట్టేసింది నేను.

మూడోది, మూడూ యాభై ఒకటి. 'వెల్లిపోయారు'. రాసింది నేను.

నాలుగోది, ఈ ఫిబ్రవరిలో. 'వెల్లి' అన్నది 'వెళ్ళి' అయింది. దిద్దింది కొత్తమ్మాయి.

'ళ' రాయాల్సిన చోట 'ల' కొట్టే మనిషిని కాను నేను. కానీ అక్కడ నా పేరే ఉంది.

గుర్తుకు రాలేదని రాద్దామనుకున్నాను. గుర్తుంది. ఆ రోజు ఇంజనీరు నా బల్ల దగ్గరికి వచ్చి, ఇది ఎడమవైపు లెఫ్ట్ కాదు మేడమ్, వెళ్ళడం లెఫ్ట్ అన్నాడు. మూడు వందల ముక్కల జాబితా అది. నేను రెండు వందల చిల్లరలో ఉన్నాను. తప్పు పట్టాడన్న చిరాకులో మరో మాట కొట్టి పారేశాను. ఎవరు వెళ్తారు, ఎక్కణ్ణుంచి వెళ్తారు అని అడగలేదు. ఆస్పత్రి పని అని నాకు తెలుసు. ఆస్పత్రిలో ఒక మనిషి వెళ్ళిపోయారంటే తెలుగులో ఏమర్థమో నాకు తెలుసు.

అచ్చు తీసిన కాగితం సంచీలో పెట్టుకున్నాను. యంత్రంలో సిరా అయిపోయిందని మేనేజరుకు చెప్పాను.

మార్చి 18

రాయడానికి ఏమీ లేదు.

మార్చి 19

ముక్కలుగా ఇచ్చింది ఇంజనీరు. ఫోన్లో ఒక్క వరసే కనబడేట్టు చేసిందీ అతనే. అడగకపోతే మాత్రం చెప్పొద్దా? ఆమె కూడా ఆ మాట చూసింది కదా, అక్షరం దిద్దినప్పుడు అర్థం మీద దృష్టి పెట్టలేదా? అందరికీ వాటా ఉంది. నాది అన్నిటికన్నా పాతది, అంతే.

భోజనాల దగ్గర ఆయన్ని అడిగాను. ఎవరో చేసిన లెక్కలో తప్పుంటే, ఇంకెవరో ఆ పేపరు మీద అంకె అలికిపోయిందని దిద్దితే, తప్పు ఎవరి మీదికి వస్తుందని.

ఆయన చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చున్నారు.

"ఎవరి గురించి అడుగుతున్నావ్?"

"ఎవరో ఒకరు."

"ఆ దిద్దిన పిల్ల మీద ఉత్తరం రాసింది కూడా ఆ ఎవరో ఒకరేనా?"

నేను ఉత్తరం సంగతి ఆయనకు చెప్పలేదు. మేనేజరు భార్య ఆయన బడిలోనే పనిచేస్తుంది. వారం నుంచి ఆయనకు తెలుసు. తెలిసీ ఊఁ అని ఊరుకున్నారు. ఈ ఇంట్లో కూడా నా వెనక ఎవరో ఏదో మాట్లాడుకుంటూనే ఉన్నారని మొదట అనిపించింది. ఆ వెంటనే అనిపించింది, ఆయన నేను చెప్తానేమోనని వారం రోజులు ఎదురుచూశారని.

మార్చి 20

చెప్పాను.

కాగితం మేనేజరు ముందు పెట్టి నాలుగు వరసలూ వేలితో చూపించాను. ఆయన రెండుసార్లు చదివి, మీరే రాశారా అని అడిగాడు. నేనే అన్నాను. మరి మొన్న సిరా అయిపోయిందన్నారే అన్నాడు. అయిపోలేదన్నాను.

ఇంజనీరును పిలిపించాడు. అతను వచ్చి నిలబడి, నేను ఊహించని మాట చెప్పాడు. ఆ నలభై ఒక్క మార్పులూ తనే అడిగి చేయించుకున్నాడట. ఆస్పత్రివాళ్ళు ఆరు నెలలుగా ఫిర్యాదు చేస్తున్నారట, తెలుగు పేజీలు నవ్వొచ్చేలా ఉన్నాయని. ఆ అమ్మాయి ఒక్కొక్కటీ చూసి దిద్దిందట. అక్కకు చెప్పొద్దు, బాధపడతారు అందట. నన్ను చూసి మాటలు ఆపేయడం అందుకట.

మేనేజరు నన్ను బయట కూర్చోమన్నాడు. బయట కుర్చీలో గంటన్నర కూర్చున్నాను. లోపల ఏం మాట్లాడుకుంటున్నారో వినాలని కూడా అనిపించలేదు.

మార్చి 21

ఆమె తిరిగి వచ్చింది. నేనే కిటికీ దగ్గరికి వెళ్ళాను. ఉత్తరం నాదేనని ఆమెకు తెలుసు. తప్పయిపోయిందని చెప్పాను. ఆమె నీలి పుస్తకం తీసి బల్ల మీద పెట్టి నా వైపు తోసింది. చూడమంది. ఒక పక్కన నా మాట, రెండో పక్కన దిద్దుబాటు, దాని కింద సన్నగా కారణం. 'అక్కకు ఖాళీ ఎక్కడ వస్తుందో చూపించలేదు.' 'అక్కకు ముక్క మాత్రమే ఇచ్చారు.' 'కంటి సరే, కానీ విడిగా వచ్చే చోట బాగాలేదు. రెండు మాటలు వేరుగా పెట్టాలి. నా తప్పు.' పేజీ తర్వాత పేజీ ఇలాగే ఉంది. నన్ను వెనకేసుకొస్తూ రాసుకుంది, ఎవరికీ చూపించని పుస్తకంలో.

నేను ఈ పుస్తకంలో ఆమె గురించి ఏం రాశానో ఆమెకు తెలియదు.

తర్వాత అడిగింది, చాలా నెమ్మదిగా.

"ఆ రిపోర్టు 'వచ్చారు' కూడా ముక్కల వల్లేనా? అదొక్కటే నాకు అర్థం కాలేదు. అంతకుముందు రోజు సరిగానే ఉంది."

అబద్ధం ఆడటానికి వీలుంది. తలాడిస్తే చాలు.

"నేనే కావాలని మార్చాను. నువ్వు దిద్దుతావో లేదో చూద్దామని."

"ఆస్పత్రి పేజీలోనా?"

ఆమె గొంతు పెంచలేదు. పుస్తకం వెనక్కి తీసుకుంది. 'వెళ్ళిపోయారు' ఎక్కడ వస్తుందో తను కూడా అడగలేదనీ, అడిగుంటే ఆవిడ పడేది కాదనీ అంది. తన వంతు తను తీసుకుంది, నేనేమీ అనకముందే. ఆ తర్వాత, "నాకు పనుంది మేడమ్" అంది.

మేడమ్.

మార్చి 25

ఆస్పత్రి పని నానుంచి తీసేసి కొత్తమ్మాయికి ఇచ్చారు. నాకు చెప్పుల దుకాణం జాబితా సరిచూసే పని ఇచ్చారు. ఉద్యోగం తీసేయలేదు. తీసేస్తారనే అనుకున్నాను.

ఇంజనీరు మూసలన్నీ తిరగరాస్తున్నాడు. ఇకమీదట ముక్కలుండవు. మొత్తం వాక్యం ఇస్తారు. ఖాళీ ఎక్కడుండాలో తెలుగు రాసేవాళ్ళే నిర్ణయిస్తారు. ఒకటికి ఒక వాక్యం, ఎక్కువకు ఒక వాక్యం, మనుషులకు ఒకటి, వస్తువులకు ఒకటి. అది ఎవరికి చేరుతుందో, చదివేవాళ్ళు అప్పుడు ఎక్కడుంటారో పక్కనే రాసి ఇవ్వాలని షరతు పెట్టింది కొత్తమ్మాయి. రెండేళ్ళ కిందట నేను పెట్టవలసిన షరతు.

ఇవాళ ఇంజనీరూ ఆమె ఏదో మాట్లాడుకుంటుంటే ఇటువైపు నుంచి విన్నాను. 'వార్డుకు తీసుకొచ్చారు' బాగుంటుందా, 'వార్డుకు మార్చారు' బాగుంటుందా అని. నా గురించి కాదు. ఎప్పుడూ నా గురించి కాకపోయి ఉండవచ్చు. లేదా ఉండవచ్చు. ఇంకా తెలియడం లేదు.

మార్చి 29, శనివారం

బట్టలు కుట్టే ఆవిడ ఇంటికి వెళ్ళాను. వెళ్ళమని ఎవరూ చెప్పలేదు. మేనేజరుకు తెలిస్తే వద్దనేవాడు.

మేడ మీద రెండు గదులు. గుమ్మం పక్కనే మిషను, దాని మీద సగం కుట్టిన జాకెట్టు అలాగే ఉంది. ఆవిడ కుడి చేతికి మోచేతి దాకా కట్టు. ఎవరన్నట్టు చూసింది. ఆ మాట రాసింది నేనే అన్నాను. తిట్టినా పడదామనే వెళ్ళాను. ఆవిడ గుమ్మం బయటికి వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

తల్లికి ఏమీ తెలియదట. చెప్పలేదట. ఆ మెట్ల కింద, చెయ్యి విరిగిందని కూడా తెలియకుండా, ఎడమ చేత్తోనే అన్నకు ఫోను చేసిందట, మేనమామకు చేసిందట, పిన్నికి చేసిందట. అమ్మ పోయిందని ముగ్గురికీ చెప్పిందట. అరగంట గడిచాక ఒక నర్సు వచ్చి, మీ అమ్మ మంచినీళ్ళు అడుగుతోంది, మీరెక్కడికి పోయారంటూ కోప్పడిందట. సాయంత్రానికి చుట్టాలందరూ దిగారు. తనను చూడ్డానికే ఇంతమంది వచ్చారని తల్లి సంబరపడిందట. ఇప్పటికీ అదే చెప్పుకుంటుందట, నా తమ్ముడు పనులన్నీ మానుకుని పరిగెత్తుకొచ్చాడని.

చెప్పడం ఆపి నా మొహంలోకి చూసింది.

"ఆ మాట రాసేటప్పుడు మీ కళ్ళ ముందు ఎవరూ లేరా అండీ?"

ఏం చెప్పినా సాకే అవుతుంది. మూస, ముక్కలు, మూడు వందల మాటలు.

"ఎవరూ లేరు" అన్నాను.

ఆవిడ తలాడించింది. క్షమించానని అనలేదు. లోపలినుంచి, ఎవరే ఆవిడ, గుమ్మంలో నిలబెట్టి మాట్లాడతావేం అని ముసలి గొంతు వినిపించింది. ఆస్పత్రి తరపున వచ్చారమ్మా అంది ఈవిడ. తలుపు తీయక తప్పలేదు.

తల్లి మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చుంది. సన్నటి మనిషి, చురుకైన కళ్ళు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఆస్పత్రి మీద ఉన్న ఫిర్యాదులన్నీ చెప్పింది. దుప్పటి గరుకట, నర్సు పెద్దగా మాట్లాడుతుందట, ఆపరేషన్ ముందు నగలు తీయించి ఎక్కడో పెట్టారట. అన్నీ విన్నాను. కూతురు ఎడమ చేత్తో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. తాగాను. మా ఇద్దరి మొహాలూ ముసలావిడ మార్చి మార్చి చూసింది. మీ ఇద్దరూ నాకేదో దాస్తున్నారు అంది. కూతురు నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

లేచి, వెళ్తానండీ అన్నాను.

"అదేం మాటమ్మా, పెద్దదానివి. వెళ్ళొస్తానని అనాలి" అంది ముసలావిడ.

అన్నాను.